డ్రిల్లు అయ్యవారు: పాఠశాలాక్రీడల చరిత్రము

ఈ వార్షిక మహాసభాసంచికకు మన ప్రాంతపు విద్యాచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. విద్యాచరిత్రమనగా పాఠశాలలకు భూమి నిచ్చిన దాతల పేరులును, ప్రధానోపాధ్యాయుల పరంపరయు, కట్టడములకు శంకుస్థాపన జరిగిన తేదీలును వ్రాయుట వాడుకయై యున్నది. ఆ పని యితరులు చేసియున్నారు; ఇకమీదటను చేయుదురు. ముప్పదియైదేండ్లు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్నవాడను గావున నేను కావ్యపాఠములను గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. కాని నా తరగతిగది కిటికీనుండి ప్రతిదినమును నాకు గానవచ్చినవాడు, చరిత్రలలో మాత్ర మెన్నడును గానరానివాడు ఒకడు గలడు. పల్లెలలో ఆయనను డ్రిల్లు అయ్యవారందురు. ప్రభుత్వపు కాగితములలో ఆయన వ్యాయామోపాధ్యాయుడు. ఆటలు నేర్పుటయు, ఆటలలో తీర్పు చెప్పుటయు ఆయన వృత్తి. ఆ వృత్తి మన పాఠశాలలలోని కెట్లు వచ్చెనో, వచ్చి యేమి చేసెనో విన్నవించెదను.

1822లో మద్రాసు గవర్నరగు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయపాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టర్ల కాజ్ఞ యిచ్చెను. (ఈ మన్రోయే 1827లో మన పత్తికొండయొద్ద కలరా సోకి మరణించెను.) ఆదవాని అప్పుడు బళ్ళారి జిల్లాలోనిది. బళ్ళారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ 1823లో తన నివేదికను పంపెను. 1816లో తెలుగునకు వ్యాకరణము నాంగ్లమున రచించి ప్రకటించిన కాంబెల్ ఈయనయే. జిల్లాలో 533 పాఠశాలలును, వానిలో 6,641 మంది విద్యార్థులును గలరని ఆయన లెక్క తేల్చెను. ఆ నివేదికలో వీథిబడి వర్ణనమును చదివినప్పుడు నాకు నవ్వును వచ్చినది, విచారమును గలిగినది.

బాలుడు తెల్లవారగనే బడికి రావలెను. మొట్టమొదట వచ్చినవాని యరచేతిలో గౌరవచిహ్నముగ సరస్వతీనామమును వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగ నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చినవారికి వరుసగ నొక్కొక్కటి హెచ్చు. చంకన పలకతో చీకటివీథుల వెంట పరుగెత్తిన ఆ బాలురదే మన పాఠశాలాచరిత్రములో మొదటి పరుగుపందెమని నే ననుకొందును. బహుమానమొక్కటి, దెబ్బలు పెక్కులు. ఇక సోమరి బాలునకు విధించు దండనములలో ఎడతెగక మోకాళ్ళు వంచి కూర్చుండి లేచుట యొకటి. మన గుంజిళ్ళే యవి. ఇది మిక్కిలి బాధయు శ్రమయు గలిగించునదియే గాని, బహుశః ఆరోగ్యకరమైన దండనమని కలెక్టరుగారు చమత్కరించిరి. దేహవ్యాయామము మన బడిలోనికి ఈ విధముగ దండనరూపమున ప్రవేశించినది. సంస్కృతమున శిక్షయనగా నేర్పుట. తెలుగువాడుకలో శిక్షయనగా దండనము. ఈ రెండర్థముల నడుమనున్న దూరమును కాలినడకను దాటినవాడే డ్రిల్లు అయ్యవారు.

వ్యాయామవిద్య మన దేశమున లేకపోలేదు. ఈ సీమ నేలిన కల్యాణచాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము గలదు. అందు మల్లులను వయస్సును, దేహమును, బలమును బట్టి తెగలుగ విభజించి, వారికి తగిన ఆహారమును సాధనను రాజు నిర్ణయించినాడు. ఆయుర్వేదగ్రంథములు వ్యాయామమును బలములో సగముకడ నిలుపుమనుచున్నవి; నుదుటను ముక్కునను చెమట పట్టి నోరెండుట అందులకు గురుతు. తురకల యేలుబడిలో తాలింఖానాలు వెలసినవి. కర్నూలు, ఆదవాని వంటి పట్టణములలో ఉస్తాదుల యొద్ద సాము, కఱ్ఱతిప్పుట, కుస్తీ నేర్చుట మా తాతల తరమువఱకు నడచినది. కాని ఇవన్నియు బడికి వెలుపలివి. చదువుకొనువాడు సాము చేయడు, సాము చేయువాడు చదువడు. ఈ గోడ నెవరు పడగొట్టిరని యడిగినచో, చరిత్రము కొందఱి పేళ్ళు చెప్పును.

వారిలో మన ఆంధ్రుడు కోడి రామమూర్తి నాయుడు. ఆయన రొమ్మున కట్టిన ఇనుపగొలుసులను త్రెంచిన కథలును, సర్కసు కథలును బాలబాలికలకు గూడ తెలిసినవే. కాని వీరఘట్టమున పుట్టిన ఈ కలియుగభీముడు మద్రాసు ప్రక్కనున్న సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామశిక్షకుడుగ చేరెనన్నది చాలమందికి దెలియదు. ఏనుగును ఎదపై నిలుపుకొనుటకు ముందు ఆయన పిల్లలను వరుసలలో నిలిపినాడు. 1942లో ఆయన మరణించినప్పుడు జనులు సర్కసునే తలచుకొనిరి. బడిని తలచినవా రరుదు.

రెండవవాడు అమెరికా దేశస్థుడగు హెచ్. సి. బక్. వై.ఎం.సి.ఏ. వారి పనిమీద 1919లో మద్రాసునకు వచ్చి, 1920లో వ్యాయామోపాధ్యాయులకు శిక్షణపాఠశాలను నెలకొల్పెను. ఆయన చదివిన స్ప్రింగుఫీల్డులోనే 1891లో బాస్కెట్‌బాలు పుట్టినది. దానికి సమీపమునగల హోల్యోకులో 1895లో వాలీబాలు పుట్టినది. వై.ఎం.సి.ఏ. వారి వెంట ఆ రెండాటలును మద్రాసునకు వచ్చినవి. వాలీబాలు నేడు రాయలసీమ పల్లెలలో రచ్చబండ ప్రక్కనే యాడబడుచున్నది. అది పరదేశపుటాటయని చెప్పిన నమ్మువారు లేరు. బక్ 1924లో పారిస్ ఒలింపిక్సునకు పోయిన భారతజట్టునకు శిక్షకుడై, 1943లో మరణించువఱకు మద్రాసుననే యుండెను. ఆయన కళాశాలనుండి వెడలిన పట్టభద్రులు రాజధానిలోని జిల్లాజిల్లాలకు చేరిరి. అప్పటివఱకు డ్రిల్లు చెప్పినవారు చాలచోట్ల సైన్యమునుండి విశ్రాంతి గొన్న సిపాయిలు. సిపాయికి కవాతు దెలియును గాని, పిల్లవాని కెముక యెంతవఱకు వంగునో తెలియదు. కవాతు పోయి ఆట వచ్చుట బక్ శిష్యులవలన జరిగినది.

ఇచ్చట నాకొక ముచ్చట తోచుచున్నది. నా బాల్యమున ముసలి డ్రిల్లు అయ్యవార్లు ‘అటెన్షన్’ అని యరచెడివారు. 1954లో జనరల్ భోన్‌స్లే నడిపిన జాతీయ క్రమశిక్షణ పథకము మొదలైన పిమ్మట హిందీ ఆజ్ఞలు క్రమముగ వ్యాపించి ‘సావధాన్’ వచ్చినది. పెండ్లిపీటలపై పురోహితుడు సుముహూర్తవేళ పలుకు సావధానశబ్దమే యిది. తెరసెల్లా దింపునప్పటి మాటతో పిల్లలను ఎండలో నిలువబెట్టుట నాకు విడ్డూరముగ నుండెడిది. తెలుగున ఆజ్ఞ యిచ్చిన అయ్యవారిని మాత్రము నేను చూడలేదు.

ఇక మన కోడుమూరు సీమకు వచ్చెదను. కర్నూలునుండి యెమ్మిగనూరు పోవు దారిలో, హంద్రీతీరమున నున్న ఈ యూరి చుట్టును నల్లరేగడి. వానలో అది కాలిని పట్టి విడువదు. వేసవిలో చెయ్యి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలపై ఆటస్థలము చేయుట యొక విద్య. డ్రిల్లు అయ్యవారు జూన్ నెలలో పిల్లలచేత పల్లేరుగాయలును తుమ్మముండ్లును ఏరించును. ఊరిలో ఎద్దులబండి గల తండ్రి నొకనిని బతిమాలి ఎఱ్ఱమన్ను తోలించును. నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టి, త్రాటితో కొలిచి, సున్నపుపొడితో గీతలు గీయును. సున్నము లేనినాడు పొయ్యిబూడిద. పరుగు నేర్పుటకు హంద్రీలోని ఇసుకకంటె మంచి స్థలము లేదు. ఇసుకలో పరుగెత్తిన కాలు గట్టినేలపై ఎగిరిపోవును. ఈ పనులలో నొకటియు నాటకమువలె కన్నుల కింపుగ నుండునది గాదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చునాటికి గీతలు మాత్రము కనబడును.

ఆ గీతలలో నా కాశ్చర్యము గలిగించినది పరుగుబాటలోని ముందడుగు. గుండ్రనిబాటలో వెలుపలి వరుసవాడు పరుగెత్తవలసిన దూర మెక్కువ గావున వానిని ముందు నిలుపవలెను. వరుస వెడల్పు 1.22 మీటర్లైనచో, ఒక పూర్తి చుట్టునకు రెండవ వరుసవాడు మొదటివానికంటె ఏడు మీటర్ల పైచిలుకు ముందుండవలెను. మైదానము చిన్నదైనను పెద్దదైనను ఈ దూరము మారదు. వెడల్పును బట్టియే యుండును. ఇరువదివేల వ్యాసమునకు అఱువదిరెండువేల ఎనిమిదివందల ముప్పదిరెండు పరిధియని చెప్పిన ఆర్యభటుడు దీనిని విని సంతోషించియుండును. కాని పందెము చూడవచ్చిన తండ్రులు సంతోషింపలేదు. “వాని నంత ముందు నిలబెట్టినావేమి సామీ, మావాడు నీకేమి చేసినాడు?” అని యొక రైతు మా అయ్యవారితో కలహమునకు దిగినాడు. అయ్యవారు త్రాడు తెచ్చి రెండు వరుసలను ఆ రైతుచేతనే కొలిపించిరి. సమత్వము కంటి కసమానముగ గనబడు సందర్భములు లోకమున మఱికొన్ని గలవు. రైతు త్రాడు చుట్టి యిచ్చి, “లెక్క సరిగనే యున్నది” అని పోయి చెట్టునీడను కూర్చుండెను.

ఆటలన్నిటిలో ఈ సీమకు ప్రాణము చెడుగుడు. కబడ్డీ యను పేర దానికి మహారాష్ట్రమునను బరోడాలోను 1920 ప్రాంతములలో నియమములు గూర్చిరి. 1950లో అఖిలభారత సమాఖ్య యేర్పడినది. 1990లో బీజింగు ఆసియాక్రీడలలో చేరినది. అందు సంజీవని, గామిని, అమర్ అను మూడు భేదములుండెను. చచ్చినవాడు మరల బ్రతుకు సంజీవనీపద్ధతియే నేడు నిలిచినది. పేరులు సంస్కృతములైనను ఆట మాత్రము మట్టిది. బంతి లేదు, బ్యాటు లేదు. దమ్మొకటి యున్న చాలును. ఎదుటివానిని తాకవలెను, తనవాని చేయి పట్టుకొని గొలుసుకట్టవలెను. తాకకుండ ఆడుటకు వీలులేని యాట యిది.

ఈ మాటను మన సంఘపు సంచికలో వ్రాయుట తగునా యని యెవరైన నడుగుదురేమో. తగుననియే నా మనవి. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఊరిపెద్ద లిద్దఱు మా అయ్యవారి యొద్దకు వచ్చి, తమ పిల్లవానిని ఫలానా వీథి పిల్లవాని ప్రక్కను నిలుపవద్దనిరి. ఆ పెద్దలలో నొకరు మన వారే. అయ్యవారు కోపపడలేదు, ఉపన్యాసమును చేయలేదు. “కుడిమూలకు వాడు, వాని ప్రక్క మీవాడు. చేతులు పట్టుకొనకున్న గొలుసు తెగును, గొలుసు తెగిన ఓడుదుము. గెలువనక్కఱలేదన్న పిల్లవానిని తీసికొనిపొండు” అనిరి. పిల్లవాడు పోనన్నాడు. ఆ సంవత్సరము ఆ యిద్దఱు బాలురును కుడిమూలను చేతులు పట్టుకొనియే ఆడిరి. సభలలో మనము చేసిన తీర్మానములు నేనెఱుగుదును. ఆ కుడిమూల చేసిన పని వానిలో నెన్ని చేసినవో లెక్కింపజాలను.

నేర్పుట యట్లుండగా, తీర్పు చెప్పుట మఱియొక ధర్మము. మన పూర్వులు దానిని చక్కగ నాలోచించిరి. భరతుడు నాట్యశాస్త్రమున ప్రాశ్నికులను, అనగా తీర్పరులను, వేఱువేఱు విద్యలయందు వేఱువేఱుగ నియమించినాడు. ఎవనికి తెలిసినది వాడే నిర్ణయింపవలెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తులను నాట్యాచార్యు లిద్దఱు తమలో నెవరధికుడని కలహించి రాజునొద్దకు వత్తురు. రాజు ఒకనిని, రాణి మఱియొకనిని చేపట్టినవారు గావున తీర్పు చెప్పుభారము కౌశికి యను పరివ్రాజికపై బడును. ఆమె గురువులను పరీక్షింపక శిష్యులను ప్రదర్శింపుమనును. ఇందు రెండు సూత్రములు గలవు. మధ్యస్థుడు ఉభయపక్షములకును వెలుపల నుండవలెను; గురువు విలువ శిష్యునియందు జూడవలెను.

మొదటి సూత్రమును లోకము మిక్కిలి యాలస్యముగ నేర్చినది. ఇంగ్లండున ఫుట్‌బాల్ ఆటలో చాలకాలము ఒక్కొక్క పక్షము తన తీర్పరిని తానే తెచ్చుకొనెడిది. 1891లో గాని రెఫరీ మైదానము లోపలికి అడుగు పెట్టలేదు. ఆయన మెడలోని బఠాణీ ఈలను 1884లో బర్మింగ్‌హామునందలి హడ్సన్ తయారుచేసెను. క్రికెట్టున టెస్టుపందెములకు ఆతిథ్యదేశపువారే అంపైర్లుగ నుండు ఆచారము తరతరములుగ నడచినది. 1986లో లాహోరున పాకిస్తాను, వెస్టిండీసు ఆడినప్పుడు వి. కె. రామస్వామి, పీలూ రిపోర్టరు అను భారతీయు లిద్దఱు తటస్థులుగ నిలిచి కీర్తి గాంచిరి. 1994లో ఒక్క తటస్థుడును, 2002లో ఇద్దఱును ఉండవలెనని నియమమైనది. కోట్ల ధనము గల క్రీడయే ఇంత కాలము పట్టించుకొనినది. మఱి పల్లెబడిలో? అచ్చట శిక్షకుడును అతడే, రెఫరీయు అతడే.

నేను కన్నులార జూచిన దొకటి చెప్పెదను. 1990 ప్రాంతమున మా బడికిని పొరుగూరి బడికిని కబడ్డీ తుదిపందెము. రావలసిన రెఫరీ రాలేదు. రెండవ బడివారు మా అయ్యవారినే ఈల పట్టుమనిరి. నన్ను స్కోరు వ్రాయుటకు కూర్చుండబెట్టిరి. ఆట ముగియనున్నది; రెండు పాయింట్లు తక్కువతో మావాడు కూతకు పోయెను. ముగ్గురు వానిని పట్టుకొనిరి. వాడు వారిని ఈడ్చుకొనుచు వచ్చి నడిగీతపై చెయ్యి వేసెను. గీత తాకినట్లైన ముగ్గురును ఔటు, గెలుపు మాది. ఊరంతయు నొక్కమారు కేక వేసినది. ఆ కేకలో కూత వినబడుచున్నదో లేదో ఎవరికి తెలియును? అయ్యవారు వంగి వాని నోటి దగ్గఱ చెవి యుంచియున్నారు. లేచి, ఈల వేసి, వ్రేలితో మావానినే ఔటని చూపిరి. గీత తాకుటకు ముందే దమ్ము తెగినదట.

కప్పు పొరుగూరికి పోయినది. ఊరిలో కొందఱు నెలదినములు ఆయనతో మాటలాడలేదు. కాఫీహోటలులో, “తన పిల్లలనే ముంచినవాడు” అనుమాట చాలనాళ్ళు వినబడినది. ఆ బాలుడు మాత్రము మఱునాటి యుదయము యథాప్రకారముగ వచ్చి గీతలకు సున్నము కలిపినాడు. వానిని పిలిచి నేనడిగితిని. “తెగింది సార్. ఆయప్పకు తెలిసిపోయింది” అనెను.

భారతమున శల్యపర్వకథ నాకు జ్ఞప్తికి వచ్చినది. భీమదుర్యోధను లిద్దఱును బలరాముని శిష్యులే. గదాయుద్ధమున నాభికి దిగువను కొట్టరాదు. భీముడు తొడలపై కొట్టెను. బలరాముడు నాగలి నెత్తి భీమునిపై దుమికెను. కృష్ణుడు పట్టుకొని ప్రతిజ్ఞలును పాతయపరాధములును జెప్పి యడ్డుపడెను. బలరాముడు శాంతింపక, ఆ గెలుపును మెచ్చక, ద్వారకకు వెడలిపోయెను. కథలో అందఱును కృష్ణుని పక్షముననే యుందురు. పాఠము చెప్పునప్పుడు నేనును అట్లే చెప్పుచుంటిని. ఆ పందెము చూచిన పిమ్మట బలరాముని గూర్చి చెప్పునపుడు కొంచెము సేపు నిలిచెడివాడను. ద్రోణుని పేర 1985లో కేంద్రప్రభుత్వము శిక్షకులకు పురస్కారము నేర్పఱచినది, మంచిదే. కాని ఏకలవ్యుని బొటనవ్రేలు తీసికొన్న గురువు పేరుకంటె, తన శిష్యుని తప్పును తానే పట్టుకొన్న గురువు పేరు ఆ పురస్కారమునకు తగియుండెడిదని నా మతము.

1954లో భారత పాఠశాలాక్రీడల సమాఖ్య యేర్పడిన తరువాత మండలము, జిల్లా, రాష్ట్రము, జాతీయము అను మెట్లు క్రమముగ కుదిరినవి. పదునాలుగు, పదునేడు, పందొమ్మిది యేండ్లలోపు అను వయోవర్గములు నేడు వాడుకలో నున్నవి. దీనితో నొక క్రొత్త కలహము. గడ్డము గీసికొని వచ్చి పదునాలుగేండ్లలోపు జట్టున నిలిచిన మగధీరులను నేను చూచితిని. మన జాతరలలో బండలాగుడు పందెములకు వచ్చు ఎద్దులకు ఈ బాధ లేదు. పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆఱుపండ్లు అని నోరు తెఱచి చూచి వర్గము నిర్ణయింతురు. ఏ కరణమును ఎద్దుకు జన్మపత్రిక మార్చి యీయజాలడు. పిల్లవానికి మార్చి యిచ్చుట గురువులవలననే జరుగుచున్నదన్న, ఆ బడిలో ఈలకు విలువ యేమున్నది?

బడిపంతులు ఈ దారిలో ఎంతదూరము పోగలడని యడిగినచో, హైదరాబాదు వంక చూడవలెను. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగ పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950 మొదలు నగరపోలీసుజట్టునకు శిక్షకుడై, 1950 నుండి 1954 వఱకు ఎడతెగక అయిదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పును తెప్పించెను. ఆయన చేసినది బడిపంతులు పనియే: పాఠమును చిన్న చిన్న భాగములుగ విడదీయుట. బంతిని ఒంటరిగ తీసికొనిపోగూడని పందెములు, వాడుక లేని కాలితోనే తన్నవలసిన పందెములు పెట్టెడివాడు. వర్ణమాల దిద్దించుటకును దీనికిని భేదమేమి? అమ్ముగూడనుండి రోజును రాలేని బీదబాలుడు తులసీదాస్ బలరామునకు సైకిలు అద్దెకు తానే డబ్బిచ్చి పిలిపించుకొనెను. ఆ బలరామే తరువాత భారతజట్టునకు భూషణ మయ్యెను.

రహీం శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియాక్రీడలందు స్వర్ణము వచ్చినది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పదింటి కొకటిగ ఓటమి. మనవారిలో పెక్కుర కాళ్ళకు బూట్లు లేవు. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్నున ఆస్ట్రేలియాను గెలిచి నాలుగవస్థానమున నిలిచిరి. ఒలింపిక్ ఫుట్‌బాలున మనవా రింతకు మించి యెన్నడును పోలేదు. 1962 నాటికి ఆయన క్యాన్సరు పీడితుడు. జకార్తాలో, వైరముతో నిండిన జనసమూహము నడుమ, తలకు గాయమైన జర్నైల్ సింగును వెనుకనుండి ముందువరుసకు మార్చి నిలిపి, దక్షిణకొరియాను రెంటి కొకటిగ గెలిపించి స్వర్ణము తెచ్చెను. 1963 జూన్ 11న కన్ను మూసెను. ఆయనను గూర్చి హిందీలో చలనచిత్రము 2024లో వచ్చినది. అఱువది యేండ్లు పట్టినది.

రహీమునకైనను చలనచిత్రము వచ్చినది. కోడుమూరు, ఆదవాని, యెమ్మిగనూరు బడులలో దమ్ము విని తీర్పు చెప్పినవారికి ఏమి మిగిలినది? నేను చూచినంతలో వారి దినచర్య యిది: ఉదయము ప్రార్థనకు వరుసలు దీర్చుట, గంట ఆలస్యమైన విచారించుట, మంత్రిగారు వచ్చిన రోడ్డుప్రక్క పిల్లలను నిలుపుట, సెలవులోనున్న ఉపాధ్యాయుని తరగతిని కాచుట. పరీక్షలు దగ్గఱపడగనే ఆటల పీరియడును లెక్కల అయ్యవారు తీసికొందురు, భాషాపండితులును తీసికొనిరి. జీతమున గాని, ఉపాధ్యాయుల గదిలో కుర్చీ వరుసయందు గాని ఆయన తుదివాడు. 2009 నాటి విద్యాహక్కుచట్టపు అనుబంధములో ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని గలదు. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతివఱకు నూఱుమందికి మించిన బడిలో ఆరోగ్యవ్యాయామవిద్యకు ఒక బోధకుడుండవలెననియు గలదు. అయినను ఆ బోధకుడు పూర్తికాలమువాడుగ నుండనక్కఱలేదని ఆ చట్టమే చెప్పుచున్నది. ప్రైవేటుబడులలో పెక్కింటికి మేడమీది సిమెంటుకప్పే మైదానము.

మన సీమకు వేఱొక బాధ గలదు. వానలు తప్పిన యేడు పండుగ వెళ్ళగనే కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకు తరలిపోవును. అంతకుముందు ప్రత్తితీత. పిల్లలును వెంట పోవుదురు. ఆగస్టునుండి తీర్చిదిద్దిన జట్టు జనవరికి సగమగును. 2003లో మధ్యాహ్నభోజనపథకము రాష్ట్రమంతట మొదలగువఱకు, పరగడుపున వచ్చిన పిల్లవానిని సాయంకాలము పరుగెత్తించుట ఎట్లో ఆయుర్వేదము గూడ చెప్పలేదు. మా అయ్యవారు జేబులో బుడ్డలు, బెల్లపుముక్క పెట్టుకొని వచ్చెడివారు. వలసపోవు ఇంటికి పోయి, పిల్లవానిని అవ్వయొద్ద విడిచిపొండని యడిగెడివారు. కొందఱు విడిచిరి. పెక్కురు విడువలేకపోయిరి, వారిని నిందించుటకు ఆయనకు నోరు రాలేదు, నాకును రాదు. గొలుసులో చేయి తెగిన చోట చిన్నతరగతి పిల్లవానిని నిలిపి మరల మొదలుపెట్టెడివారు.

ఈ వ్యాసమునకై మన వైపు బడులు కొన్ని తిరిగితిని. ప్రధానోపాధ్యాయుల పేరులు గోడపై రంగుతో వ్రాసిన పలకలో నున్నవి. ఆటల నిలువసామానుపుస్తకములో బంతులెన్ని, వలలెన్ని, చెదలు తిన్న క్రికెట్టు బ్యాట్లెన్ని యను లెక్క యున్నది. వానిని కొనిన చేతి సంతకము చిన్నదిగ, చదువరాకుండ నున్నది. గెలిచిన జట్ల ఫోటోలలో పిల్లలు చేతులు కట్టుకొని నిలుచుందురు. నడుమ షీల్డు, షీల్డునకు ఇరువైపుల పెద్దలు కుర్చీలలో. డ్రిల్లు అయ్యవారు తుదికొసను, ఈల మెడలో వేసికొని, సగము ఫ్రేములోను సగము వెలుపలను. క్రింద అందఱి పేరులును అచ్చై యున్నవి. ఆయన క్రింద రెండు పొడి యక్షరములు మాత్రమే: ‘డి.ఎం.’. అట్టి ఫోటోలు మన యిండ్లలో గోడలకు వ్రేలాడుచున్నవి. ఆ జట్లలో ఆడినవారు ఇంక నున్నారు. ఫోటో వెనుక, ఆ తుదికొసవాని పేరును, ఊరును, ఏ సంవత్సరములలో పనిచేసెనో దానిని పెన్సిలుతో వ్రాసి, నకలు తీయించి, మన కార్యాలయమునకు పంపిన, వచ్చు సంచికలో వానిని వరుసగ ప్రకటించుటకు సంపాదకవర్గమువారు అంగీకరించియున్నారు.